కొన్న ధరా? నేటి ధరా? – సరుకు ఖర్చు లెక్కలో ఒక మెలిక

పాత గాజులు మార్చి కొత్తవి చేయించుకోవడం మన ఇళ్ళలో అందరం చూసిందే. కంసాలి ముందు కూర్చున్న అమ్మమ్మ "ఇవి నా పెళ్ళికి ఇంత పెట్టి కొన్నాం" అని గాజులకి వెల కట్టదు. ఇవాళ గ్రాము ధర ఎంత, తరుగు ఎంత తీస్తావు, మజూరీ ఎంత అని అడుగుతుంది. ముప్ఫై ఏళ్ళ క్రితం ఎంతకి కొన్నారన్నది ఆ బేరంలో లెక్కలోకే రాదు.

అదే అమ్మమ్మ మనవడు చదువుకుని, దేశం దాటి వచ్చి, సొంతంగా వ్యాపారం పెట్టుకున్నాక మాత్రం గోడౌన్లో ఉన్న సరుకుకి కొన్న ధరే వేస్తాడు. కంప్యూటర్లో ఉన్న అంకె అదే కాబట్టి. ఆ అంకె ఆధారంగా కొన్ని ఆర్డర్లు వదులుకుంటాడు, కొన్ని ఒప్పుకుంటాడు. రెండు చోట్లా నష్టపోతాడు, పోయినట్టు తెలియదు కూడా. ఎందుకంటే ఈ నష్టం చిట్టాలోనూ కనపడదు, ఆవర్జాలోనూ కనపడదు.

మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌లో దీని గురించి చెప్పే పాఠాన్ని "రెలెవెంట్ కాస్ట్" అంటారు. ఇండియాలో ఐ.సి.డబ్ల్యు.ఏ. చదివినవారికి (2012 నుంచి ఆ సంస్థ పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా), బ్రిటన్ వైపు సీమా, ఏ.సి.సి.ఏ. పరీక్షలు రాసినవారికి ఇది పరిచయమే. మిగతావాళ్ళ కోసం, ముఖ్యంగా చిన్న వ్యాపారాలు నడుపుతున్నవారి కోసం, ఒక ఉదాహరణతో వివరిస్తాను.

ఒక ఆర్డరు కథ

అమెరికాలో గ్రానైటు కోసి, వంటింటి గట్లు, హోటళ్ళ కౌంటర్లు అమర్చే చిన్న షాపు ఉన్న మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. "అన్నా, ఒక రెస్టారెంటు వాళ్ళు కొత్త బ్రాంచి పని ఇస్తామంటున్నారు. 14 వేల డాలర్లకి పైసా ఎక్కువ ఇవ్వరు. నేను లెక్క వేస్తే 15,100 ఖర్చు తేలింది. 1,100 నష్టానికి ఎందుకు, వద్దని చెప్పేస్తున్నా" అన్నాడు. "చెప్పకు, ముందు ఆ లెక్క పంపు" అన్నాను.

ఆయన పంపిన లెక్కలో కూలీ, రవాణా, బిగింపు కలిపి 3,000 డాలర్లు. ఇదంతా ఈ పని కోసం కొత్తగా ఇవ్వవలసిన డబ్బే, దానిలో పేచీ లేదు. మిగిలిన 12,100 నాలుగు రకాల సరుకుది. (లెక్క సులువుగా అర్థం కావడానికి అంకెలన్నీ గుండ్రంగా మార్చాను.)

1. బ్లాక్ గెలాక్సీ పలకలు: 10 కావాలి. స్టాకులో 6 ఉన్నాయి, ఒక్కోటి 600కి కొన్నవి. మిగిలిన 4 ఇవాళ్టి ధర 800 చొప్పున కొనాలి. మొత్తం 6,800.

2. ఎర్ర గ్రానైటు పలకలు: 5 కావాలి. అయిదూ స్టాకులోనే ఉన్నాయి. ఒక్కోటి 700కి కొన్నవి. మొత్తం 3,500.

3. ఎపాక్సీ డబ్బాలు: 20 కావాలి. అన్నీ స్టాకులో ఉన్నాయి. ఒక్కోటి 40కి కొన్నవి. మొత్తం 800.

4. స్టీలు సింకులు: 4 కావాలి. స్టాకులో లేవు. ఒక్కోటి 250. మొత్తం 1,000.

కూడికలో తప్పు లేదు. కానీ నాలుగు వరుసల్లో ఒక్కటి కూడా ఈ నిర్ణయానికి పనికొచ్చే అంకె కాదు.

రెలెవెంట్ కాస్ట్ అంటే ఏమిటి?

ఒక ఖర్చు నిర్ణయానికి సంబంధించినదా కాదా అని తేల్చడానికి మూడు గుర్తులు చూడాలి. అది ఇక మీదట జరగబోయేది కావాలి. చేతిలోంచి నిజంగా పోయే, లేదా చేతికి రావలసి ఉండి రాకుండా పోయే డబ్బు కావాలి. ఈ నిర్ణయం తీసుకుంటే ఒకలా, తీసుకోకపోతే మరొకలా మారేది కావాలి. మూడూ కుదిరితేనే అది రెలెవెంట్ కాస్ట్.

ఇప్పటికే పెట్టేసిన డబ్బు ఈ మూడింటిలో దేనికీ నిలవదు. ఆర్డరు తీసుకున్నా, తీసుకోకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దీన్ని "సంక్ కాస్ట్", మునిగిపోయిన ఖర్చు, అంటారు. దాన్ని పట్టుకుని నిర్ణయాలు చెయ్యడం గతజల సేతుబంధనమే.

మరి స్టాకులో ఉన్న సరుకు ఉచితమా? కాదు. దాన్ని ఇక్కడ వాడితే మరోచోట ఏదో వదులుకోవాలి. ఆ వదులుకున్నదే దాని ఖర్చు. ఎకనామిక్స్ పుస్తకాల్లో "అవకాశ వ్యయం" అని చదువుకున్నది ఇదే. కనుక అడగవలసిన ప్రశ్న "ఎంతకి కొన్నాం?" అని కాదు. "ఇది ఇక్కడ వాడేస్తే ఇక మీదట నాకు ఏం తేడా వస్తుంది?" అని.

నాలుగు సరుకులు, నాలుగు జవాబులు

మొదటిది బ్లాక్ గెలాక్సీ. ప్రకాశం జిల్లాలో ఒంగోలు దగ్గర చీమకుర్తి గనుల్లో దొరికే, నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలుండే రాయి ఇది. ఈ షాపులో రోజూ నడిచే సరుకు. స్టాకులో ఉన్న 6 పలకలు ఈ పనికి వాడేస్తే, వచ్చే వారం మరో పని కోసం మళ్ళీ 6 కొనక తప్పదు. అప్పుడు కట్టేది 600 కాదు, 800. అంటే ఎప్పుడూ వాడే సరుకుకి ఖర్చు, దాని స్థానంలో కొత్తది తెచ్చుకునే ధర. స్టాకులో ఉన్నా, లేకపోయినా ఒకటే. 10 పలకలు, 800 చొప్పున 8,000.

ఇది 2025లో చాలామందికి అనుభవంలోకి వచ్చిన విషయం. ఆ ఏడాది భారతదేశం నుంచి వచ్చే సరుకుల మీద అమెరికా సుంకాలు పలుమార్లు మారాయి. ఆగస్టు 27 నుంచి చాలా వస్తువుల మీద 50 శాతానికి చేరాయి. పాత సుంకంతో వచ్చిన సరుకు గోడౌన్లో ఉన్నవారు "మనకి చవగ్గానే పడింది కదా" అని పాత ధరకే కోట్ చేస్తే, ఆ లాభం కాస్తా తర్వాతి కంటైనర్ మింగేస్తుంది.

రెండోది ఎర్ర గ్రానైటు. ఎవరో ఆర్డరిచ్చి రద్దు చేసుకుంటే మిగిలిపోయిన సరుకు. ఆ రంగు మళ్ళీ ఎవరూ అడగలేదు, కనుక వాడేసినా మళ్ళీ కొనే పని లేదు. ఇవాళ్టి కొనుగోలు ధర ఇక్కడ వర్తించదు. దీనికి రెండే దారులున్నాయి. మిగులు రాయి కొనే వ్యాపారికి పలక 150 చొప్పున అమ్మెయ్యడం ఒకటి. ఇప్పటికే ఒప్పుకున్న మరో పనిలో 300 ధర ఉన్న మామూలు పలక బదులు దీన్ని వాడడం రెండోది. అలా వాడాలంటే పలకకి అదనంగా 60 డాలర్ల పాలిష్ పని పడుతుంది. అంటే మిగిలేది 240. ఈ రెంటిలో పెద్దది 240 కాబట్టి, రెస్టారెంటు పనికి ఇస్తే వదులుకునేది అదే. 5 పలకలకి 1,200. పుస్తకాల్లో ఉన్న 3,500 సంగతి మరిచిపోవాలి.

మూడోది ఎపాక్సీ. ఇది విచిత్రమైన కేసు. గడువు రెండు నెలల్లో తీరిపోతుంది. మరో పని లేదు, కొనేవాడూ లేడు. మామూలు చెత్తలో పారెయ్యడానికి వీల్లేదు. తీసుకెళ్ళేవాళ్ళకి డబ్బాకి 10 డాలర్లు ఎదురివ్వాలి. ఈ పనిలో వాడేస్తే ఆ 200 డాలర్లు మిగులుతాయి. కనుక దీని ఖర్చు 800 కాదు, సున్నా కూడా కాదు. మైనస్ 200. వదిలించుకోవలసిన సరుకు వాడుకలోకి వస్తే అది ఖర్చు కాదు, ఆదా.

నాలుగోది సింకులు. స్టాకులో లేవు కాబట్టి మార్కెట్ ధరే ఖర్చు. ఇక్కడ గొడవేమీ లేదనిపిస్తుంది. కానీ ఆ కంపెనీ విడిగా అమ్మదు, ఆరేసి చొప్పునే ఇస్తుంది. 4 కావాలంటే 6 కొనాలి, 1,500 కట్టాలి. మిగిలిన రెండూ షాపులో పనికిరావు, 100 చొప్పున అమ్ముకోవచ్చు. నికరంగా 1,300. ఆయన వేసుకున్న 1,000 ఇక్కడ తక్కువ లెక్క.

రెండు లెక్కలూ పక్కపక్కన

బ్లాక్ గెలాక్సీ: ఆయన లెక్క 6,800, అసలు లెక్క 8,000.
ఎర్ర గ్రానైటు: ఆయన లెక్క 3,500, అసలు లెక్క 1,200.
ఎపాక్సీ: ఆయన లెక్క 800, అసలు లెక్క మైనస్ 200.
సింకులు: ఆయన లెక్క 1,000, అసలు లెక్క 1,300.
సరుకు మొత్తం: ఆయన లెక్క 12,100, అసలు లెక్క 10,300.
కూలీ వగైరా: రెంటిలోనూ 3,000.
మొత్తం ఖర్చు: ఆయన లెక్క 15,100, అసలు లెక్క 13,300.

వచ్చేది 14,000. కొన్న ధరల లెక్కలో 1,100 నష్టం. అసలు లెక్కలో 700 లాభం. నమ్మకం కుదరకపోతే బ్యాంకు ఖాతా వైపు నుంచి చూడండి. ఆర్డరు తీసుకుంటే 14,000 వస్తుంది. నల్ల పలకలకి ఇప్పుడు 3,200, తర్వాత 4,800 పోతుంది. మరో పనిలో ఆదా అయ్యే 1,200 ఆదా కాకుండా పోతుంది. ఎపాక్సీ వదిలించుకునే 200 మిగులుతుంది. సింకులకి నికరంగా 1,300, కూలీకి 3,000 పోతుంది. "వద్దు" అన్నప్పటి కంటే ఖాతాలో సరిగ్గా 700 ఎక్కువ ఉంటుంది. వద్దని చెప్పి ఉంటే ఆ 700 పోయేది. పోయిందని ఏ పుస్తకమూ చెప్పేది కాదు.

తిరగేసి చూస్తే

ఇదేదో ఖర్చు తగ్గించి చూపించే కిటుకు అనుకోకండి. అదే షాపుకి మరొకరు వచ్చి "మీ దగ్గరున్న ఆ 6 నల్ల పలకలతో మా వంటిల్లు చేసిపెట్టండి, 4,500 ఇస్తాం" అన్నారనుకుందాం. పనికి అదనంగా అయ్యే కూలీ 600. కొన్న ధర ప్రకారం సరుకు 3,600, కూలీ 600, మొత్తం 4,200. 300 లాభం కనిపిస్తుంది, వెంటనే సరే అంటాం. కానీ ఆ పలకల్ని తిరిగి నింపడానికి 4,800 కావాలి. అసలు ఖర్చు 5,400. అంటే 900 నష్టం. కొన్న ధర మొదటి ఆర్డరుని తప్పుగా వద్దంది, రెండోదాన్ని తప్పుగా రమ్మంది.

సరుకు దొరకనప్పుడు

ఇంకో చిక్కు ఉంది. కంటైనర్ పోర్టులో ఆగిపోయి, ఆరు వారాల దాకా నల్ల పలకలు దొరకవనుకుందాం. అప్పుడు 800 అన్న ధర కాగితం మీదే ఉంటుంది. ఆ ధరకి కొనుక్కునే వీలే లేదు. ఉన్న 6 పలకలూ వాడుకుని 7,500 ఇచ్చే గిరాకీ మరొకరు ఉన్నారు, ఆ పనికి కూలీ 1,500 అవుతుంది అనుకుంటే, ఆ పలకలు తెచ్చిపెట్టగలిగింది 6,000. అంటే పలకకి 1,000. వేరే పనికి వాడితే వదులుకునేది ఇదే కనుక, కొరత ఉన్నన్నాళ్ళూ దాని ఖర్చు 600 కాదు, 800 కూడా కాదు. 1,000.

అలాగే, ఇంకా చేతికి రాని సరుకైనా, కొని తీరాలని కాంట్రాక్టు రాసి ఇచ్చేసి, రద్దు చేసుకునే వీలు లేకపోతే, దాన్ని స్టాకులో ఉన్న సరుకుగానే చూడాలి. ఆ డబ్బు ఎటూ కట్టక తప్పదు కాబట్టి.

ఈ ఆలోచన ఎక్కడిది?

అమెరికన్ ఆర్థికవేత్త జె. ఎం. క్లార్క్ 1923లో "స్టడీస్ ఇన్ ది ఎకనామిక్స్ ఆఫ్ ఓవర్‌హెడ్ కాస్ట్స్" అనే పుస్తకం రాశారు. ఒక్కో అవసరానికి ఒక్కో ఖర్చు లెక్క ఉంటుందని, అన్నిటికీ సరిపోయే ఒకే "అసలు ఖర్చు" అంటూ ఉండదని ఆయన వాదన. 1937లో జేమ్స్ బాన్‌బ్రైట్ ఆస్తుల విలువ గురించి రాసిన "ది వాల్యుయేషన్ ఆఫ్ ప్రాపర్టీ"లో, ఒక వస్తువు చేజారిపోతే యజమానికి కలిగే నష్టమే అతనికి దాని విలువ అన్నారు. మనం పైన వేసిన నాలుగు లెక్కలకీ మూలసూత్రం అదే. 1938లో లండన్ నుంచి వెలువడే "ది అకౌంటెంట్" పత్రికలో రోనాల్డ్ కోస్ వరసగా కొన్ని వ్యాసాలు రాసి, వ్యాపార నిర్ణయాలకి అవకాశ వ్యయమే కొలబద్ద అని చెప్పారు. 1991లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న కోస్ ఈయనే.

తెలిసీ ఎందుకు తప్పుతాం?

పెట్టిన డబ్బు మీద మమకారం వల్ల. దీని మీద 1985లో హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ ఒక పరిశోధన ప్రచురించారు. ఒహాయో యూనివర్సిటీ థియేటర్లో సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధర 15 డాలర్లకి, కొందరికి 2 డాలర్లు తగ్గించి, మరికొందరికి 7 డాలర్లు తగ్గించి ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టే నిర్ణయించారు. చూడబోయే నాటకాలు అందరికీ ఒకటే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకి వెళ్ళారు. ఎప్పుడో పెట్టిన డబ్బు తర్వాతి నిర్ణయాలని నడిపించిందన్నమాట.

ఎర్ర గ్రానైటు దగ్గర మా మిత్రుడి బాధ కూడా ఇదే. "700 పెట్టి కొన్నది 240కి ఎలా వేస్తానన్నా?" అన్నాడు. 700 పోయింది ఈ ఆర్డరు వల్ల కాదు, పాత ఆర్డరు రద్దయిన రోజున.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది, ఈ లెక్క నిర్ణయం కోసం. ఖాతా పుస్తకాల కోసమూ కాదు, పన్ను రిటర్ను కోసమూ కాదు. అక్కడ కొన్న ధరే మూలం. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఏ.ఎస్. 2 ప్రకారం స్టాకుని కొన్న ధర, నికర అమ్మకపు విలువ, ఈ రెంటిలో తక్కువదానికి చూపాలి. చివర కొన్నది ముందు వాడినట్టు చూపే లైఫో పద్ధతిని ఆ ప్రమాణం 2005 నుంచి ఒప్పుకోదు, అమెరికాలో మాత్రం అనుమతి ఉంది. పుస్తకాల్లో ఏ పద్ధతి ఉన్నా, ఆర్డరు తీసుకోవాలా వద్దా అన్న జవాబు మారకూడదు.

రెండోది, 13,300 అన్నది కనీస ధర. అంతకి తగ్గితే చేతి డబ్బు పోతుందన్న గీత మాత్రమే. ప్రతి ఆర్డరూ ఆ గీత మీదే ఒప్పుకుంటే షాపు అద్దె, ఇన్సూరెన్సు, మెషీన్ల అరుగుదల ఎవరిస్తారు? ఇది అప్పుడప్పుడూ వచ్చే ప్రత్యేకమైన ఆర్డర్లకి పనికొచ్చే లెక్క. రోజువారీ ధరల పట్టికకి కాదు.

మూడోది, ఈ లెక్కలో కొన్ని ఊహలున్నాయి. ఎర్ర పలకలు వాడదామనుకున్న ఆ మరో పని నిజంగా ఉందా? 150కి కొంటానన్న వ్యాపారి మాట మీద నిలబడతాడా? ఆ పని లేకపోతే 240 కాస్తా 150 అవుతుంది, అప్పుడీ ఆర్డరు ఇంకా లాభసాటి అవుతుంది. ఊహని బట్టి అంకె మారుతుంది కనుక, అడిగి తెలుసుకున్నాకే వేసుకోవాలి.

నాలుగోది, కూలీకి కూడా ఇదే సూత్రం. జీతం ఎటూ ఇచ్చే మనిషి ఖాళీగా ఉంటే ఈ పనికి అదనపు ఖర్చు లేదు. వేరే పని మాన్పించి తెస్తే మాత్రం ఆ పనిలో పోయేది కూడా కలపాలి.

కోట్ పంపే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

1. సరుకు స్టాకులో ఉందా? లేకపోతే, నిజంగా కట్టవలసిన మొత్తం ఎంత? మిగిలేదానికి ఏమైనా వస్తుందా?
2. ఉంటే, మామూలుగా వాడే సరుకేనా? అయితే మళ్ళీ కొనే ధర వెయ్యండి.
3. వాడని సరుకైతే, అమ్మితే ఎంత? వేరే పనిలో వాడితే ఎంత ఆదా? రెంటిలో పెద్దది వెయ్యండి.
4. రెండూ లేకపోగా, వదిలించుకోవడానికే డబ్బు పెట్టాలా? అయితే ఆ మొత్తం తీసివెయ్యండి.
5. సరుకుకి కొరత ఉందా? అయితే మరోచోట అది తెచ్చిపెట్టే డబ్బు వెయ్యండి.

"ఎంతకి కొన్నాం?" అన్న ప్రశ్న ఈ అయిదింటిలో లేదు. మా మిత్రుడు ఆ ఆర్డరు తీసుకున్నాడు. ఎర్ర పలకలు ఇప్పుడు ఆ రెస్టారెంటు కౌంటరు మీద ఉన్నాయి. ఈసారి గోడౌన్లో పాత సరుకు చూసి మీరు నిట్టూర్చినప్పుడు, కంసాలి ముందు కూర్చున్న అమ్మమ్మని ఒక్కసారి తలుచుకోండి.